కారు పాలసీకి ముహూర్తం

పట్టపగలు, పదిమంది చూస్తుండగా, సొంత బాబాయి ఇంటి వసారాని నేలమట్టం చేసినవాణ్ణి మీరెప్పుడైనా చూశారా? చూసి ఉండకపోతే ఈ నాలుగు ముక్కలూ ఓపిగ్గా చదవండి, పరిచయం అవుతుంది. ఆ ఘనకార్యం నాదే. అదీ కోపంతోనో ఆస్తి తగాదాతోనో చేసింది కాదు. కారు ఇన్సూరెన్సులో నలభై రెండు రూపాయలు ఆదా చేయబోయి చేసింది. నవ్వుకోవడానికి మీకు పూర్తి హక్కు ఇస్తున్నాను. మా ఆవిడ రత్నం ఆ హక్కు నన్నడక్కుండానే తీసుకుంది.

అరవైల చివరి మాట. తెనాలిలో నాకు పంపుసెట్ల షాపు ఉండేది. ముప్పై నిండకుండానే ప్రపంచంలో నాకు తెలియనిది ఏమీ మిగల్లేదని గట్టి నమ్మకం కూడా ఉండేది. నాన్నగారి నుంచి ఒక పాత నల్ల కారు సంక్రమించింది. దాని కుడి తలుపు ఎప్పుడు ఊడిపోతుందో తెలియదని తాడుతో కట్టేశాం. అందుకని ఎడమవైపు ఎక్కి, సీటు మీద పాక్కుంటూ వెళ్ళి స్టీరింగ్ ముందు కూచునేవాణ్ణి. అంత అవస్థ పడి కూచున్నా, కూచున్నాక మాత్రం జమీందారులా ఉండేది నా వైఖరి.

ఆ కారుకి ఇన్సూరెన్సు చేయించేది మా వెంకట్రామయ్య బాబాయి. నాన్నగారి తమ్ముడు. బాపట్ల హైస్కూల్లో లెక్కలు చెప్పి రిటైరై, ఊరికే కూచోలేక ఇన్సూరెన్సు ఏజెంటయ్యాడు. ఏటా పాలసీ గడువుకి వారం ముందు ప్యాసింజరెక్కి తెనాలి వచ్చేవాడు. ఫారాలూ, పిన్ని నాకోసం పంపిన ఎండు రొయ్యలూ ఒకే సంచిలో వచ్చేవి. నా పాలసీ కాగితాలు పెట్టిన బీరువా ముందు మా వీధి పిల్లి ఏడాది పొడుగునా కాపలా కాసేదంటే అర్థం చేసుకోండి.

వచ్చినప్పుడల్లా బాబాయి ఒకటే అడిగేవాడు.

"ఈ ఏడు కారు దేనికైనా గుద్దావా?"

"లేదు బాబాయ్."

"పోనీ, నిన్నెవరైనా గుద్దారా?"

"లేదండి."

"సరేలే, క్షేమంగా ఉన్నావు. సంతోషం."

మాటలో ఉన్న సంతోషం ముఖంలో కనిపించేది కాదు. ఆయన బాధ ఆయనది. ఏజెంటయ్యి ఆరేళ్ళయినా ఆయన చేర్పించిన వాళ్ళలో ఒక్కడికీ ప్రమాదం జరగలేదు. కంపెనీ చేత ఒక్కడికీ నష్టపరిహారం ఇప్పించే అవకాశం రాలేదు. "మాస్టారు డబ్బులు పట్టుకెళ్ళడం చూశాం గానీ తెచ్చివ్వడం ఎప్పుడూ చూళ్ళేదు" అని బాపట్లలో జనం వేళాకోళం చేసేవారు. ఒక్కసారి ఇప్పించి చూపిస్తే ఈ నోళ్ళన్నీ మూతపడతాయని పాపం ఆయన ఆశ.

ఇలా ఉండగా జ్యేష్ఠమాసంలో నేను పంపుసెట్టు బిగించే పని మీద రేపల్లె వెళ్ళాను. హోటల్లో ఇడ్లీ తింటుంటే ఎదురుగా ఒకాయన వచ్చి కూచున్నాడు. ఆ ఎండల్లో కోటు తొడుక్కున్నాడు. పేరు చెప్పాడు గానీ నా బుర్రలో కోటే నిలిచింది. కాబట్టి కోటాయన అందాం.

"బయట ఆ నల్ల కారు తమరిదేనాండి?"

"మాదేనండి."

"ఇన్సూరెన్సు ఎంత కడుతున్నారేంటి?"

చెప్పాను. ఆరేళ్ళుగా ఎక్కడా గుద్దలేదని కూడా గొప్పగా చెప్పాను. ఆయన ఇడ్లీ ముక్క పళ్ళెంలో వదిలేసి నావైపు జాలిగా చూశాడు. డాక్టర్లు కూడా అంత జాలిగా చూడరు.

"మా కంపెనీలో నలభై రెండు రూపాయలు తక్కువండి. ఆరేళ్ళుగా ఎక్కడా గుద్దలేదన్నారు కదా, అలాంటి వాళ్ళకి మేం రాయితీ ఇస్తాం. ఉన్నచోటే ఉండిపోయేవాళ్ళని ఏ కంపెనీ పట్టించుకుంటుందండి? మారేవాళ్ళకే మర్యాద."

ఆ మాట నాకు వేదవాక్కులా వినిపించింది. ఆరేళ్ళుగా నేనెంత నష్టపోయానో లెక్కేసుకుంటే ఇడ్లీ గొంతు దిగలేదు.

"పాతది ఏ రోజుతో అయిపోతుందో ఆ రోజు నుంచే మాది మొదలుపెట్టేద్దామండి. ఫారం ఇప్పుడే నింపేస్తాను" అని కలం తీశాడు కోటాయన.

ఇక్కడ, అయ్యలారా, నా తెలివి విజృంభించింది. పాత పాలసీ ఆషాఢ శుద్ధ విదియతో అయిపోతుంది. ఆషాఢంలో మనవాళ్ళు కొత్త ఇంట్లో కాలు పెట్టరు, కొత్త కోడల్ని అత్తారింట్లో ఉంచరు. అలాంటిది, కొత్త కంపెనీలో కాలు పెట్టడమా?

"ఆషాఢం శూన్యమాసం కదండి. శ్రావణం రానివ్వండి. శుద్ధ తదియ గురువారం బాగుంది. పొద్దున తొమ్మిదింటికి సంతకం పెడతాను."

కోటాయన కలం గాల్లోనే ఆగిపోయింది. "మధ్యలో నెల రోజులు ఖాళీ ఉండిపోతుందండి. ఆ నెల కారుకి ఏ ఇన్సూరెన్సూ ఉండదు. రోడ్డెక్కించకూడదు కూడా."

"ఆరేళ్ళలో తగల్నిది నెల రోజుల్లో తగుల్తుందాండి? కారు షెడ్డులో పడుకుంటుంది."

ఆయన కలం జేబులో పెట్టుకుని ఇడ్లీ పూర్తిచేశాడు.

జ్యేష్ఠం చివర బాబాయి దగ్గర్నుంచి కార్డు వచ్చింది. మోకాలి నొప్పి, ఈసారి రాలేను, పాలసీ సంగతి చూసుకో అని. కంపెనీ మారుతున్నానని రాయడానికి నాకు ముఖం చెల్లలేదు. కాబట్టి తేలికైన మార్గం ఎంచుకున్నాను. "బాబాయిగారికి నమస్కారాలు. మీకు శ్రమ ఎందుకని గుంటూరు ఆఫీసుకి నేనే డబ్బు పంపేశాను. కమిషను మీ పేరనే రాయమన్నాను" అని జవాబు రాసిపడేశాను.

రత్నం ఆ కార్డు చదివింది. "పెద్దాయనకి అబద్ధం రాశారేంటండి?"

"అబద్ధం కాదు, ఆలస్యంగా చెప్పబోయే నిజం. శ్రావణంలో వెళ్ళి నిదానంగా చెప్తాను."

"అప్పటిదాకా బాపట్ల వైపు వెళ్ళకండి మరి."

ఆవిడ సలహా పాటించి ఉంటే ఈ కథే లేదు. ఆషాఢం సగంలో మా అమ్మ, కొల్లిపర పొలం బియ్యం ఒక బస్తా బాబాయి ఇంటికి దింపి రమ్మంది. రైల్లో వేద్దామన్నాను. "ఇంట్లో కారు పెట్టుకుని మరిదిగారింటికి కూలీ నెత్తిన పంపుతావా? నలుగురూ ఏమనుకుంటారు?" అంది. నలుగురూ ఏమనుకుంటారో అన్న ప్రశ్నకి మా ఇంట్లో ఇంతవరకు ఎవరూ జవాబు చెప్పలేదు. వెనక సీట్లో బస్తాని నిలబెట్టి, ముందు రత్నాన్ని కూచోబెట్టుకుని, పొన్నూరు మీదుగా బయల్దేరాను. దారిలో ఎద్దుబండి ఎదురైనా కారు పక్కకి తీసి నమస్కారం పెట్టాను. అంత జాగ్రత్తగా నేను పెళ్ళిపీటల మీద కూడా కూచోలేదు.

బాపట్లలో బాబాయి వీధి ఇరుకు. బస్తా దింపాలంటే కారు వెనక్కి తిప్పి, వసారా దాకా పోనివ్వాలి. వెనక అద్దంలో చూస్తే బియ్యం బస్తా తప్ప ఏమీ కనపడదు. బాబాయి కర్ర పట్టుకుని వాకిట్లోకి వచ్చాడు. నన్ను చూసిన ఆనందంలో ఆయన మోకాలి నొప్పి కూడా తగ్గినట్టుంది.

"నేను చెప్తాను, నువ్వు రానీ" అంటూ కారు ముందుకొచ్చి నాకు ఎదురుగా నిలబడ్డాడు. "రానీ... రానీ... ఇంకా బోలెడు చోటుంది... ఎడమకి తిప్పు..."

నా ఎడమా ఆయన ఎడమా ఎదురెదురుగా ఉన్నాయని ఇద్దరం మర్చిపోయాం.

"రానీ... రానీ..."

మొదట ఫెళ్ళుమని ఒక చప్పుడు.

"ఆపు" అన్నాడు బాబాయి.

వసారాని మోస్తున్న కర్ర స్తంభం నిదానంగా పక్కకి ఒరిగింది. దాన్ని చూసి రెండోది ఒరిగింది. తర్వాత పెంకులన్నీ ఒకదాని వెనక ఒకటి, బడి వదిలిన పిల్లల్లా బిలబిలమంటూ కారు మీద దిగాయి. దుమ్ము సర్దుకున్నాక చూస్తే కారు వెనక సగం పెంకుటిల్లు, ముందు సగం కారు. ఎవరికీ చిన్న గీత కూడా పడలేదు. వంటింట్లోంచి గరిటతో పరిగెత్తుకొచ్చిన పిన్ని, వసారా ఉండాల్సిన చోట ఆకాశం కనిపిస్తే పైకి చూస్తూ నిలబడిపోయింది.

రత్నం వెనకే ఎడమ తలుపులోంచి పాక్కుంటూ బయటపడి, బాబాయి తిట్లకి సిద్ధమై తల వంచుకున్నాను. తిట్లు రాలేదు. తలెత్తి చూస్తే ఆయన ముఖం వెలిగిపోతోంది.

"భయపడకురా ప్రసాదూ. ఇన్సూరెన్సు ఉంది" అన్నాడు.

నా గుండె జారి ఎక్కడ పడిందో ఇప్పటికీ తెలియదు.

"నీ కారుకీ ఇస్తారు, నా వసారాకీ ఇస్తారు. ఎదటివాడి ఆస్తికి నష్టం జరిగితే కట్టివ్వాలని పాలసీలోనే ఉంది. ఎదటివాణ్ణి నేనేగా." ఆయన లోపలికెళ్ళి ఇస్త్రీ చొక్కా వేసుకుని, కళ్ళజోడు పెట్టుకుని బయటికొచ్చాడు. చేతిలో ఒక ఫారం. ఆరేళ్ళుగా ట్రంకు పెట్టెలో కలరా ఉండల మధ్య దాచిన నష్టపరిహారం ఫారం అది. ఈలోగా వీధంతా పోగయ్యింది. బాబాయి అరుగెక్కి అందరికీ వినపడేలా మొదలుపెట్టాడు.

"ఏవయ్యా, ఇన్సూరెన్సు డబ్బు తిరిగొస్తే చూడాలన్నారుగా. ఇప్పుడు చూడండి. లారీ కొన్నావుగా నువ్వు, ముందుకి రా."

లారీ ఆయన ముందుకొచ్చాడు. ఆయన వెనక స్కూటరు కుర్రాడు, జీపున్న చేపల వ్యాపారీ వచ్చారు. ముగ్గురూ నన్ను పెళ్ళికొడుకుని చూసినట్టు చూస్తున్నారు. భూమి నోరు తెరిస్తే బస్తాతో సహా వెళ్ళిపోదామనిపించింది. వసారా పోయినందుకు కాదు. ఆరేళ్ళు ఎదురుచూసిన మనిషి పరువు ఇంత మందిలో నా మూలంగా పోబోతోంది.

"పాలసీ నంబరు చెప్పరా" అన్నాడు బాబాయి, కలం మూత తీసి.

"గుర్తులేదండి."

"పోనీ రసీదు తేదీ?"

"ఇంట్లో ఉందండి."

"తేదీ కూడా ఇంట్లోనే పెట్టొచ్చావేంటి? గుంటూరుకి డబ్బు ఏ వారం పంపావు?"

"అంటే... బాబాయ్... ఆషాఢం కదా..."

"ఆషాఢానికీ దీనికీ సంబంధం ఏంటి?"

పక్కనుంచి రత్నం నెమ్మదిగా అంది. "ఆయన కట్టలేదండి మామయ్యగారూ. శ్రావణ శుద్ధ తదియకి ముహూర్తం పెట్టుకున్నారు."

"దేనికమ్మా ముహూర్తం?"

"వేరే కంపెనీలో చేరడానికండి. నలభై రెండు రూపాయలు తక్కువట."

బాబాయి కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ పెట్టుకున్నాడు. వసారా కేసి చూశాడు. కారు కేసి చూశాడు. నా కేసి చూడలేదు.

"ఉన్న పాలసీని పొడిగించుకోడానికి ముహూర్తం అక్కర్లేదురా" అన్నాడు. "పోనీ మారతానని రాస్తే నేనేమన్నా వద్దంటానా? నాకు అబద్ధం రాశావు చూడు, అదే బాగోలేదు."

నాకు నిజంగానే ఏడుపొచ్చింది. "తప్పయిపోయింది బాబాయ్" అన్నాను.

జనంలో ఎవరో కిసుక్కున నవ్వారు. ఆ నవ్వు వినగానే బాబాయిలోని లెక్కల మాస్టారు నిద్రలేచాడు. నా భుజం పట్టుకుని అరుగు మీదకి లాగాడు. తరగతిలో నల్లబల్ల దగ్గర నిలబెట్టినట్టు నిలబెట్టాడు.

"చూశారా, వీడు నా అన్న కొడుకు. చదువుకున్నాడు, షాపుంది, పంచాంగం కూడా వచ్చు. నలభై రెండు రూపాయల కోసం నెల్రోజులు ఖాళీగా ఉన్నాడు. ఇప్పుడు ఈ కారు బాగుచెయ్యాలి, ఈ వసారా కట్టాలి. ఎవరు కడతారు?"

"వీడేనండి" అన్నాడు స్కూటరు కుర్రాడు.

"పాలసీ ఉంటే?"

"కంపెనీయండి" అన్నారు ముగ్గురూ ఒకేసారి.

ఆ సాయంత్రం లోపల ముగ్గురూ బాబాయి దగ్గర సంతకాలు పెట్టారు. ఆషాఢమని ఒక్కడూ అనలేదు. పిన్ని అందరికీ కాఫీ ఇచ్చింది. నాకూ ఇచ్చింది గానీ, చివర్న ఇచ్చింది.

శ్రావణ శుద్ధ తదియ గురువారం తొమ్మిదింటికి కోటాయన తెనాలి వచ్చి, వర్క్‌షాపులో ఉన్న కారు చుట్టూ రెండుసార్లు తిరిగాడు. మధ్యలో పాలసీ తెగింది కాబట్టి రాయితీ పోయిందన్నాడు. రాయితీ పోయాక లెక్క చూస్తే, బాబాయి కంపెనీ కంటే పద్దెనిమిది రూపాయలు ఎక్కువ. నేను ఆయనకి కాఫీ ఇప్పించి సాగనంపి, మర్నాడు రైల్లో బాపట్ల వెళ్ళి, తల వంచుకుని బాబాయి దగ్గర సంతకం పెట్టాను. ఆయన నన్ను మళ్ళీ మనిషిగా చూడ్డానికి అంతకంటే ఎక్కువేం అడగడనుకున్నాను. నాలుగు రోజులకి కార్డు వచ్చింది. "చీరాల నుంచి ఒక బస్సు యజమాని వస్తున్నాడు. ఆదివారం ఒకసారి వచ్చి నీ కథ నీ నోటితో చెప్పి వెళ్ళవలెను." అలా ఏడాదిలో పదకొండు ఆదివారాలు బాపట్ల వెళ్ళి కొత్త వసారాలో నిలబడి నా తెలివితక్కువతనం గురించి ఉపన్యసించాను. రైలు చార్జీలు నావే.

తర్వాత రెండు మూడేళ్ళకి ప్రభుత్వం ఇలాంటి కంపెనీలన్నిటినీ జాతీయం చేసింది. బాబాయి కంపెనీ, కోటాయన కంపెనీ కలిసిపోయి ఒకే బోర్డు కిందికొచ్చాయి. గుంటూరు ఆఫీసుకి వెళ్తే ఇద్దరూ ఒకే బెంచీ మీద కూచుని ఒకే వక్కపొడి పొట్లం పంచుకుంటున్నారు. ఏ కంపెనీ నుంచి ఏ కంపెనీకి పారిపోదామని వసారా కూల్చానో ఆ రెండూ ఒకటే అయిపోయాయి. నన్ను చూడగానే బాబాయి కోటాయనకి చెప్పాడు. "వీడేనండి, నే చెప్పిన మావాడు."

"తెలుసండి" అన్నాడు కోటాయన. "మా దగ్గర కూడా వీరి కథే చెప్పి చేర్పిస్తున్నాం."

అందుచేత పాఠక మహాశయులారా, నేను త్రికరణశుద్ధిగా ప్రమాణం చేస్తున్నాను. ఇక ఈ జన్మలో ఎవరెంత తక్కువకి ఇస్తామన్నా కంపెనీ మారను. తప్పనిసరిగా మారాల్సివస్తే అమావాస్యనాడు, రాహుకాలంలో, పిల్లి ఎదురొస్తుండగా సంతకం పెడతాను గానీ, ఒక్క పూట కూడా ఆగను.