ఆమెన్ చెప్పని ప్రార్థన

2012లో మేము అమెరికాలోని బెంటన్‌విల్‌లో ఉండేవాళ్లం. ఒక శనివారం ఐదేళ్ల మా పాప గ్రేసీని తీసుకుని మ్యూజియంకి వెళ్లాను. అక్కడ విక్టోరియా రాణి కాలం నాటి పెద్ద తైలవర్ణ చిత్రం ఒకటి ఉంది. నది మధ్య బండ మీద ఒక స్త్రీ కూర్చుని జుట్టు దువ్వుకుంటోంది. కింద పడవ మునిగిపోతోంది. పాట పాడి పడవవాళ్లను చావులోకి లాగే జర్మన్ కథల మోహిని ఆమె అని పక్కన రాసి ఉంది.

"మమ్మీ, ఆ ఆంటీ నన్నే చూస్తుంది," అంది పాప కళ్లు తిప్పకుండా.

దురాత్మల గురించి చర్చి సంఘంలో విని పెరిగినదాన్ని. నా ఒళ్లు జలదరించింది. "ప్రేయర్ చేసుకుందాం," అని అక్కడే కళ్లు మూసుకుని మనసులో ప్రార్థించడం మొదలుపెట్టాను. మనసాగక మధ్యలో కళ్లు తెరిస్తే పాప లేదు.

ఎన్నిసార్లు పిలిచినా పలకలేదు. బయట చెరువు ఉందని గుర్తొచ్చింది. పరుగెత్తి గట్టంతా వెతికాను. ఆ బొమ్మలోని నీళ్లే కళ్లముందు కదులుతున్నాయి. ఏడుస్తూ లోపలికి వచ్చి గార్డుకి చెప్పాను. ఆయన గదంతా చూసి, వెడల్పాటి బెంచీ వెనక్కి చూపించాడు. గ్రేసీ అక్కడ, ఆ బొమ్మకు కనపడకుండా మోకరించి, తల నేలకు ఆనించి ఉంది.

"పిలిస్తే పలకవేంటే?" అన్నాను.

"నువ్వు ఆమెన్ చెప్పలేదు కదా మమ్మీ."

ప్రార్థనకు మోకరించాక ఆమెన్ అనేదాకా కదలకూడదని, పలకకూడదని నేర్పింది నేనే. దాన్ని హత్తుకుని, గార్డు వింటుండగానే ఆమెన్ అన్నాను. భయపడి ప్రార్థనను మధ్యలో వదిలేసింది నేను. నా బిడ్డ వదల్లేదు.