కట్టు కింద మందు

రామచంద్రపురం బస్సులో నా పక్కన కూర్చున్నావిడ కుడి కంటికి కట్టు ఉంది. కోతల్లో వరి ఆకు గీసుకుని చీము పడితే, కంట్లోకే సూదిమందు ఎక్కించారట.

"నొప్పి తగ్గిందండి. ఎల్లుండి రెండో సూదికి రమ్మన్నారు గానీ, ఎందుకండీ? కట్టు కట్టేశారుగా, మందు ఎక్కడికి పోద్ది?"

కంట్లో వేసిన మందు గంటగంటకీ ఎంత తగ్గుతుందో కొలవడమే ల్యాబ్‌లో నా పని. నాకు నవ్వొచ్చింది, ఆపుకోలేదు. ఆవిడ ముఖం తిప్పుకుంది. తన ఊరొచ్చి ఆవిడ దిగిపోయాక నాకు భయం వేసి, కిటికీలోంచి అరిచాను.

"మందు లోపలే ఇంకిపోతుందండీ! ఎల్లుండి తప్పకుండా వెళ్ళండి, లేకపోతే చూపు పోతుంది!"

చెయ్యి ఊపింది. సరేననో, చాల్లెమ్మనో తెలియలేదు.

ఆ చుట్టుపక్కల రెండో సూదికి వచ్చినవాళ్ళ కంట్లోంచి తీసిన నీరు మా ల్యాబ్‌కే వస్తుంది; ఆ సీసాల మీద పేర్లుండవు. ఆ ఎల్లుండి వచ్చిన ప్రతి సీసానీ ఆవిడదే కావాలనుకుంటూ అందుకున్నాను.