జేబులో ఎడమ చెయ్యి

నానక్‌రామ్‌గూడ షేర్ ఆటోలో నా ఒళ్లో గిటార్ సౌండ్ పెంచే కొత్త ఆంప్ ఉంది. పక్కన కూర్చున్న పెద్దాయన కాళ్ల మధ్య దుప్పటి చుట్టిన పాత ఆంప్ ఉంది, పాత రేడియోల్లోలా గాజు ట్యూబులతో పనిచేసే రకం. ఆటో గుంతల్లో ఎగిరినా ఆయన ఎడమ చెయ్యి జేబులోంచి బయటికి రాలేదు.

"నీ దాంట్ల ట్యూబులున్నయా?" అని అడిగాడు.

"ఒక్కటేనండి. మిగతాదంతా కంప్యూటరే. సౌండ్ మాత్రం మీదాని ముందు నిలబడదు."

"మా తమ్ముడు గూడ గిట్లనే అంటుండె. ప్లగ్గు పీకినంక ఇగ ఫికర్ లేదనుకొని దీని లోపల రెండు చేతులు పెట్టిండు, మళ్ల లేవలే. ప్లగ్గు పీకినా లోపల కరెంటు దాగి ఉంటది బిడ్డా. ఒక చెయ్యి జేబుల పెట్టుకుంటే షాక్ గుండెదాకా పోదు. వానికి ఈ రిపేరు పని నేర్పింది నేనే. ఆ దినం ఎదురుంగనే ఉన్న, రెండు చేతుల్ల చాయ్ గ్లాసులు పట్టుకొని."

ఆయన దిగుతుంటే ఆంప్ పట్టుకుని దించబోయాను.

"రెండు చేతులు పెట్టకు!" అని అరిచాడు.

నడిరోడ్డు మీద, దుప్పటిలో ఉన్న ఆంప్. అయినా నేను ఒక చెయ్యి జేబులో పెట్టుకున్నాను. చెరో చేత్తో దాన్ని కిందికి దించాం.

నా ఆంప్ మూత నేనెప్పుడూ తీయలేదు. స్విచ్ వేసేటప్పుడు మాత్రం ఎడమ చెయ్యి ఇప్పటికీ జేబు వెతుక్కుంటుంది.