సగం ఆటకు కుర్చీ మారాలె

లాలాగూడలో స్వర్ణలత హాలు ఎక్కడని అడిగితే ఎవరైనా వేలు పెట్టి చూపిస్తారు. వాళ్ల నాన్న సదాశివ రైల్వే వర్క్‌షాపులో డ్యూటీ దిగి, ఆ రేకుల హాల్లో క్యారమ్ బోర్డులు నడిపేవాడు. ఆయన పోయాక బోర్డులు అటకెక్కాయి, కంప్యూటర్లు వచ్చాయి. స్వర్ణలత మాత్రం ఏమీ మారలేదు. ఆమెకు ఏభై దాటాయి. గొంతు విప్పితే వీధి చివరి దాకా వినిపిస్తుంది. హాల్లో ఎవరైనా బల్ల గుద్దితే, వయసుతో పని లేకుండా చెవి పట్టుకుంటుంది. ఇంత చేసీ, కంప్యూటర్లో ఒక్క ఆట కూడా ఆడి ఎరగదు.

"నాకెందుకు ఆట? ఆడేటోళ్ల మొఖాలు చూస్తే కడుపు నిండుతది" అంటుంది. ఆమె సంపాదన అంతా ఆ ముఖాలే అనుకోండి.

ఆదివారం మధ్యాహ్నం హాల్లో పతంగుల ఆట. ఇద్దరు ఎదురెదురుగా కూర్చుని కంప్యూటర్లో పతంగులు ఎగరేస్తారు, ఒకరి దారం ఒకరు కోస్తారు, మిగతావాళ్లు గోడ మీది టీవీలో చూస్తారు. పతంగి తెగిందంటే "అఫా!" అని రేకులు అదిరేలా కేక. ఆ ఆటలోనే ఒక దుకాణం కూడా ఉంది. డబ్బు కడితే బంగారు మాంజా అనే పదును దారం ఇస్తుంది. దాని ముందు మామూలు మాంజా వట్టి నూలుపోగు. ఈ సంగతి హాల్లో అందరికీ తెలుసు, హాలు నడిపే మనిషికి తప్ప.

ఆ మాంజా కొన్నది హరికిషన్. పద్మారావు నగర్‌లో బట్టల దుకాణం ఉంది. చేతికి ఎముక లేని మనిషి. వచ్చినప్పుడల్లా అందరికీ వేడి సమోసాలు, ఉస్మానియా బిస్కెట్లు తెస్తాడు. తను మాంజా కొన్న మూల కంప్యూటర్ కుర్చీలోనే కూర్చుంటాడు, అందరి పతంగులూ కోసేస్తాడు. అతని సమోసా నములుతూ "అన్నా, నువ్వు కొని గెలుస్తున్నవ్" అని ఎవరంటారు? ఒక్కొక్కరే సాకులు వెతుక్కున్నారు. ఒకరికి కడుపునొప్పి, ఇంకొకరికి అత్తగారి ఊరి ప్రయాణం. చూస్తూ చూస్తూ ఆదివారాలు పలచబడ్డాయి. పక్కింటి సిమెంటు వ్యాపారి వచ్చి, హాలు గోడౌనుకు ఇమ్మని అడిగి పోయాడు. స్వర్ణలతకు ఆ రోజు అన్నం సయించలేదు. నాన్న నవ్వులు నింపిన చోట సిమెంటు బస్తాలా?

ఆమె సుమిత్రను నిలదీసింది. రైల్వే రిజర్వేషన్ కౌంటర్లో పనిచేసే సుమిత్ర ఆ హాల్లో అందరికన్నా బాగా ఆడుతుంది.

"ఏందే, ఎవ్వరొస్తలేరు? నా హాల్ల తక్లీఫ్ ఏంది, చెప్పు."

సుమిత్ర నీళ్లు నమిలింది. "ఏం లేదక్కా. ఆ మూలకు కూసున్నోళ్లే గెలుస్తున్నరు, గంతే."

"గంతేనా! జెర ముందుగాల చెప్పొద్దా?"

స్వర్ణలతకు అంతా అర్థమైపోయింది, పూర్తిగా తప్పుగా. క్యారమ్ రోజుల్లో కిటికీ పక్క కుర్చీకి వెలుతురు ఎక్కువ. అక్కడ కూర్చున్నవాడిదే ఆట. అందుకే సదాశివ గోడ మీద ఎర్రరంగుతో రాయించాడు: సగం ఆటకు కుర్చీ మారాలె. ఆ అక్షరాలు ఇంకా ఉన్నాయి.

ఆ ఆదివారం సుమిత్రకూ హరికిషన్‌కూ పోటీ. మొదటి సగంలో సుమిత్ర పతంగులు టపటపా రాలాయి. స్వర్ణలత చప్పట్లు కొట్టింది.

"లేవుండ్రి! కుర్చీలు మారుండ్రి!"

"అక్కా, గట్ల మారితే ఈయన మాంజా ఆమెకు పోతది" అన్నాడు చూస్తున్న తిరుమల్.

"ఏ మాంజా అయితే నాకేంది? నాయిన పెట్టిన రూల్ ఇది. మారాలె."

ఆమెతో వాదించి గెలిచినవాడు లాలాగూడలో పుట్టలేదు. హరికిషన్ లేచి ఇటు వచ్చాడు. సుమిత్ర మూల కుర్చీలో కూర్చుంది, బంగారు మాంజాతో. ఇంకేముంది! అతని పతంగి లేవడమే ఆలస్యం, తెగిపోతోంది. హాలంతా పడి పడి నవ్వింది.

"ఏందమ్మా ఇది, గాలి తగలంగనే తెగుతది!" అన్నాడు హరికిషన్, చెమట తుడుచుకుంటూ.

"మాకు దినాం గిట్లనే తెగుతది అన్నా" అంది సుమిత్ర, మెల్లగా.

హరికిషన్ సమోసాల పళ్లెం వైపు ఒకసారి చూశాడు. తర్వాత చొక్కా చేతులు పైకి మడిచి, చివరి పతంగి ఎగరేశాడు. ఈసారి లాగలేదు. చిన్నప్పుడు మేడ మీద ఆడినట్టు దారం వదులుతూ పోయాడు. సుమిత్ర ధీమాగా మీదికి దూకింది. అదను చూసి అతను కింది నుంచి ఒక్క గుంజు గుంజాడు. బంగారు మాంజా పటుక్కున తెగింది.

"అఫా!" హాలు దద్దరిల్లింది. సుమిత్ర కూడా లేచి అరిచింది.

రెండో సగం లెక్కకు ఆమే గెలిచింది. హరికిషన్ మాత్రం కుర్చీలోంచి లేవలేదు, కళ్లు తడిగా ఉన్నాయి.

"ఇన్నొద్దుల నుంచి గెలుస్తున్న అక్కా. నాకు ఒక్కరు సుత అఫా అనలే" అన్నాడు.

అప్పుడు గానీ దుకాణం సంగతి స్వర్ణలతకు ఎవరూ చెప్పలేదు. నోరు తెరుచుకుని విన్నది. "అంటే తప్పు కుర్చీది కాదా?" అనేసరికి మళ్లీ నవ్వులు. ఆమెకు కోపం రావలసింది, కానీ ఆ ముఖాలు చూసి సంతోషం పట్టలేకపోయింది.

కడుపునొప్పులూ అత్తగారి ఊళ్లూ వారం తిరిగేసరికి అన్నీ సర్దుకున్నాయి. సిమెంటు వ్యాపారి జవాబు కోసం వచ్చి, నిలబడేందుకు చోటు లేక గుమ్మంలోనే ఆగాడు. లోపల హరికిషన్ అందరికన్నా ముందొచ్చి మామూలు మాంజా కుర్చీ పట్టుకున్నాడు. సగం ఆట అయింది. స్వర్ణలత చప్పట్లు కొట్టింది.

"జెర ఆగు అక్కా" అని బతిమాలాడు హరికిషన్. "ఇంకో పతంగి ఈ కుర్చీలనే ఆడనియ్యి."