శనివారం పూట ఊరికే ఇచ్చిన ఇనుప కొక్కెం

ఊరికే ఇస్తారంటే నేను ఎంత దూరమైనా వెళ్తాను. కిరండుల్ రైల్వే క్వార్టర్స్‌లో ఉండే మా బావ ఫోన్ చేసి, బచేలి మైదానంలో శనివారం కమ్మరి పని ప్రదర్శన ఉందని, కళ్లముందే చిన్న చిన్న ఇనుప వస్తువులు చేసి, చూడ్డానికి వచ్చినవాళ్లకి ఇచ్చేస్తారని చెప్పాడు. మా ఇంట్లో గొడుగు తగిలించడానికి కొక్కెం లేక ఆరునెలలైంది. బజార్లో ఇరవై రూపాయలకి దొరికేదాని కోసం రోజంతా రైల్లో కూర్చుంటావా అని మా ఆవిడ అడిగింది. న్యాయమైన ప్రశ్నే. అయినా శుక్రవారం ఉదయమే కొత్తవలసలో కిరండుల్ బండి ఎక్కేశాను. జనరల్ టికెట్‌కి నూట పాతిక లోపే అయింది. అరకులో సగం పెట్టె ఖాళీ అవుతుంది. ఫొటోలవాళ్లంతా దిగిపోయాక కాళ్లు చాపుకుని కూర్చోవచ్చు. చీకటి పడ్డాక కిరండుల్‌లో దిగాను.

శనివారం ఎనిమిదిన్నరకి నేనూ, అక్కా, బావా షేర్ ఆటో ఎక్కాం. బచేలికి పది పన్నెండు కిలోమీటర్లు, మనిషికి ముప్ఫై. డ్రైవర్ది శ్రీకాకుళం వైపు. ఎక్కడికని అడిగి, విని నవ్వాడు. "ఇంటి పక్కన కమ్మరి కొడితే చప్పుడని తిట్టేవోళ్లు. ఇప్పుడదే చూడ్డానికి ఆటో ఎక్కి ఎల్తన్నారు."

"ఊరికే ఇస్తారట."

"అలాగా. అయితే నాకూ ఒకటి అట్టుకురండి."

మైదానంలో రేకుల పందిరి కింద కొలిమి పెట్టారు. కమ్మరి పేరు ముత్తయ్య, తిత్తి ఊదుతున్నది ఆయన భార్య లచ్చమ్మ. కోంటా దగ్గరి మరైగూడ మనుషులు. గనుల్లో, రైల్వేలో పనిచేసే అక్కడి తెలుగువాళ్లకి తెలుగులో చెప్పగలిగే కమ్మరి కావాలని మేళా కమిటీ పిలిస్తే, ఇనుము పెట్టి కొట్టే దాగలిని గోనెసంచిలో కట్టుకుని కోంటా, సుక్మా, దంతెవాడ మీదుగా బస్సులు మారుతూ వచ్చారు. కొడవళ్లు, గొడ్డళ్లు చేసే చెయ్యి ఆయనది. కానీ కొడవలి అయ్యేదాకా నిలబడే ఓపిక జనానికి ఉండదు కదా. అందుకని జానెడు చువ్వముక్కతో కొక్కెం. నిప్పులో ఎర్రబడ్డ చువ్వని దాగలి మీద పెట్టి ఒక కొస సన్నగా సాగగొట్టాడు. రెండో కొస ఆకులా పలచన చేసి, ఉలితో ఈనెలు దించి, నడుము మెలితిప్పి, వంచి, నీళ్లలో ముంచాడు. ఐదారు నిమిషాల పని.

కమిటీ పెద్దమనిషి పక్కనే కుర్చీలో కూర్చున్నాడు. "ఈ పూట ఒక్క పీసు మిగలకుండా పబ్లిక్ పట్టుకెళ్లాలి ముత్తయ్యా. అట్లయితే వచ్చే మేళాలన్నిటికీ నిన్నే బులాయిస్తం" అన్నాడు.

"మిగిల్తే?" అని లచ్చమ్మ అడిగింది.

"వేరే ఎవర్నైనా చూస్కుంటం."

"మిగిల్తే మిరపకోతకి పోవుడే," అంది లచ్చమ్మ మొగుడితో. "ఊళ్ల ఇప్పుడు కొడవలి ఎవడు చేపిస్తుండు, అన్నీ దుకాణంల దొరుకుతున్నయ్."

మొదటి కొక్కెం చల్లారగానే అందుకోబోయింది మా బావే. ఆయనకి ఏలినాటి శని నడుస్తోంది. శనివారం ఉపవాసం, నల్లనువ్వులు, నూనె దీపం అన్నీ చేస్తాడు. అలాంటి మనిషి చెయ్యి చాపితే నా నోరు ఊరుకుంటుందా. అందరికీ వినబడేలా అన్నాను: "తీసుకో బావా. శనివారం పూట ఊరికే ఇచ్చే ఇనుము. ఎవరి శనో నడిచి వస్తున్నాడు, ఇంటికి తీసుకెళ్లి గోడకి తగిలించు."

బావ చెయ్యి వెనక్కి పోయింది. నేను నవ్వాను, కానీ ఆ నవ్వు నా ఒక్కడిదే అయింది. వెనకున్నవాళ్లు కూడా చేతులు కట్టుకున్నారు. చర్చికి వెళ్లే కుటుంబాలవాళ్లు మాకు అలాంటి పట్టింపుల్లేవంటూనే, పక్కింటివాళ్లు చూస్తున్నారని కదల్లేదు. ముత్తయ్య రెండోది చేశాడు, మూడోది చేశాడు, పదోది చేశాడు. బల్ల మీద వరసగా పేరుకున్నాయి. చూస్తున్నారు, బాగుందంటున్నారు, వెళ్లిపోతున్నారు.

"ఏంది సారూ, ఎందుకు తీస్కుంటలేరు? వంకరున్నయా?" అని ముత్తయ్య నన్నే అడిగాడు. ఆయన ఊళ్లో ఈ లెక్క లేనట్టుంది.

నా తప్పు మాపుకుందామని జేబులోంచి పది రూపాయలు తీసి, కొనుక్కుంటే దానం కాదు కదా అన్నాను. గుంపులో ఒక పెద్దావిడ ఉంది, రిటైరైన రైల్వే గార్డుగారి భార్య. "శనివారం ఇనుం కొనడం మరీ తప్పు బాబూ. ఆ మాత్రం తెలీదేటి నీకు?" అంది.

లచ్చమ్మ తిత్తి ఆపేసింది. "అన్నా, ఆ మాటన్నది నువ్వే కదా. నోరు నీది, పోయే కూడు మాది." సుత్తి తెచ్చి నా కాళ్ల దగ్గర పెట్టింది. "రా. మాటలు మంచిగ కొడ్తవు గదా, ఇది కొట్టు."

కొట్టాను. పట్టకారుతో చువ్వ ముత్తయ్య పట్టుకున్నాడు, దెబ్బలు నావి. ఆకు అనుకున్నది కప్ప కాలులా వచ్చింది. అక్క పడీపడీ నవ్వి, "డబ్బిచ్చినా ఎవడూ తీసుకోడురా దీన్ని" అంది.

"ఎవడూ ఇవ్వక్కర్లేదు. ఇది నేను కొనలేదు, నాకెవరూ ఊరికే ఇవ్వలేదు. నేనే కొట్టుకున్నాను" అన్నాను ఉక్రోషంగా.

పెద్దావిడ వంగి నా కప్పకాలుని చూసింది. "అదీ నిజమే. చేసుకున్నదానికి శనేటి? పొలంలో పండించుకున్న నువ్వులు దానమా?" అని, చీర కుచ్చెళ్లు దోపుకుని తనే ముందుకొచ్చింది.

ముత్తయ్యకి విషయం అప్పుడు అర్థమైంది. చేసిపెట్టిన కొక్కేలన్నీ మళ్లీ నిప్పులో పెట్టించాడు. ఒక్కోటి ఎర్రబడగానే వంపు విప్పి, తీసుకునేవాళ్ల చేతికి సుత్తి ఇచ్చి, చివరి మూడు దెబ్బలు వాళ్లతోనే వేయించాడు. పన్నెండయ్యేసరికి పందిరి బయటిదాకా వరస. చర్చివాళ్లూ వచ్చారు. బల్ల ఖాళీ అయ్యాక కొత్త చువ్వలు పెట్టాల్సి వచ్చింది. కమిటీ పెద్దమనిషి కూడా చొక్కా చేతులు మడిచి మూడు దెబ్బలు వేసి, వచ్చే మేళాకి సుత్తులు రెండు ఎక్కువ తెచ్చుకోమని చెప్పాడు. లచ్చమ్మ తిత్తి మీదనుంచి చెయ్యి తీయలేదు. ఆటో డ్రైవర్ కోసం ఇంకొకటి కొట్టుకుంటానంటే, "వాణ్నే రమ్మను, వాడి దెబ్బలు వాడే కొడ్తడు" అంది.

వెనక్కి వచ్చే ఆటోలో బావ తన కొక్కేన్ని ఒళ్లో పెట్టుకుని తడుముతూ కూర్చున్నాడు. "ఇనుముతో శని రాదురా. నాకు పెళ్లిరోజునే వచ్చాడు, మీ అక్కతోపాటు బామ్మర్దిగా" అన్నాడు. నేను ముప్ఫై ఏళ్లుగా ఎంతమంది నోటి దగ్గర ముద్ద ఇలా సరదాకి చెడగొట్టానో తెలీదు. ఈసారి ఎదురుగా నిప్పూ, లచ్చమ్మా ఉండబట్టి తెలిసింది. కప్పకాలు కొక్కెం ఇప్పుడు మా గుమ్మం పక్కన ఉంది. గొడుగు జారిపోతూనే ఉంటుంది. మా ఆవిడ కొత్తది కొనమంటుంది. నేను కొనను.

వెళ్లేవాళ్లకి ఒక మాట: నూలు బట్టలు, మూసిన చెప్పులు వేసుకోండి. నల్లబడింది కదా చల్లారిందని కొక్కేన్ని ముట్టుకోకండి, కమ్మరి నీళ్లలో ముంచి తనే చెప్పేదాకా ఆగండి. అది ఏ వారమైనా సరే.