చెరువు హద్దు అడగడానికి సికింద్రాబాద్ దాకా

మా చెల్లెలు సుజాత ఇంటి గోడ మీద సర్కారు మనుషులు ఎర్ర రంగుతో గీత గీసి, లోపలిదంతా చెరువు భూమి అని నోటీసు ఇచ్చి పోయారు. అభ్యంతరముంటే సోమవారంలోగా రాసివ్వాలట. ఎక్కడి నుంచి కొలిచారని వాళ్ళ ఆఫీసులో అడిగితే ఒకాయన పక్క బల్ల చూపించాడు. పక్క బల్లాయన లంచ్‌కి వెళ్ళాడన్నారు. రెండు రోజులు అదే లంచ్. నా చదువు పదితో ఆగినా లెక్కలు సొంతంగా నేర్చుకున్నాను. నేనే కొలిచి వాళ్ళ ముందు పెడదామని, భూమి కొలిచే పద్ధతి చెప్పే సర్వే పుస్తకం కోసం శుక్రవారం బయల్దేరాను.

తొమ్మిదింటికి ఏ.ఎస్. రావు నగర్‌లో బస్సెక్కాను. సంచిలో ఇనుప టేపు ఉంది. తిరుమలగిరి దాటాక పక్క సీటు పెద్దాయన అదేమిటని అడిగితే సంగతి చెప్పాను.

"వాళ్ళ టేపు రబ్బరుది తమ్మీ. నీది ఇనుపది. రెండూ ఎట్ల కలుస్తయి?" అన్నాడాయన. నవ్వు రాలేదు నాకు.

కార్ఖానా దగ్గర ట్రాఫిక్‌లో ఇరుక్కుని, సికింద్రాబాద్‌లో దిగేసరికి పదిన్నర. స్టేషన్ ఎదుట ఇడ్లీ తిని, నడిచి శాఖా గ్రంథాలయానికి వెళ్ళాను. హాలు నిండా ఉద్యోగ పరీక్షలకు చదివేవాళ్ళే, అందరివీ ఇంటి నుంచి తెచ్చుకున్న పుస్తకాలే. లైబ్రేరియన్ మేడమ్ దగ్గరికి ఒకడు ఫ్యాను తిరగడం లేదని వచ్చాడు, ఇంకొకామె ఛార్జర్‌కి ప్లగ్గు అడిగింది. తర్వాత నేను సర్వే పుస్తకం అడిగాను.

"ఇస్త సార్. దాంతోని ఏం చేస్తరు?"

నాకు మండింది. రెండు రోజులుగా ప్రతి బల్ల దగ్గరా నన్నే ప్రశ్నిస్తున్నారు. "పుస్తకానికి సుత సంజాయిషీ ఇయ్యాల్నా?" అన్నాను.

"పని తెలిస్తే సరైన పుస్తకం ఇయ్యొచ్చని."

నోటీసు ఆమె ముందు పెట్టాను. మొత్తం చదివింది. "మీరు కొలిస్తే అది మీ లెక్క అంటరు సార్. కొలిచినోళ్ళనే చూపియ్యమనండి," అని తాళం తీసి, అల్మారాలోంచి సమాచార హక్కు చట్టం తెలుగు పుస్తకం తెచ్చింది. ఆ పేరు నేను విన్నదే. ఏమి అడగాలో మాత్రం తెలియదు. దరఖాస్తులో గీత ఎందుకు గీశారని రాయబోతే ఆపింది.

"ఎందుకని అడిగితే కథ చెప్తరు. కాయితం అడగండి."

చెరువు హద్దు పటం, ఈ గోడ దాకా కొలిచిన వివరాల నకలు, కొలిచినవాళ్ళ పేర్లు అడిగాను. జవాబుకు నెల పట్టొచ్చు కాబట్టి, ఆధారం చూపేదాకా ఇల్లు ముట్టొద్దని అభ్యంతర పత్రం వేరుగా రాయించింది.

ఇదే పని మీద వెళ్ళేవాళ్ళు మంగళవారమో శుక్రవారమో వెళ్ళండి. ఆమెకు మూడు గ్రంథాలయాలు అప్పగించారు. మిగతా రోజుల్లో వాచ్‌మన్ తలుపు తీస్తాడు, అల్మారాల తాళాలు అతని దగ్గరుండవు. నేను గురువారం వచ్చి ఉంటే ఉత్త చేతులతో పోయేవాణ్ణి. అలా ఎందరు పోయారో ఎవరు లెక్కపెట్టారు? పుస్తకాలు కొని తాళం వేసి, దారి చూపే మనిషిని మూడు చోట్లకు పంచినవాళ్ళను ఏమనాలి?

తిరుగు దారిలో మధ్యలో దిగి ఆఫీసుకు వెళ్ళాను. లంచ్ మనిషి ఆరోజు ఉన్నాడు. రెండు కాగితాలూ చదివాడు. పటం ఉందనలేదు, లేదనలేదు.

"గిది ఎవరు చెప్పిండ్రు నీకు?"

"గ్రంథాలయంల చెప్పిండ్రు. అది సుత సర్కారుదే."

నా నకళ్ళ మీద ముద్ర వేసి ఇచ్చాడు. అడిగిన దానికి జవాబు లేదు కానీ, అడగడం ఎవరు నేర్పారో కావాలి ఆయనకు. ఆ కోపం బస్సులో ఇంటిదాకా తగ్గలేదు.

నేరేడ్‌మెట్ దగ్గర సుజాత ఫోన్ చేసింది. దారం, సున్నం తెచ్చి గట్టు మీద పెట్టిందట.

"ఎప్పుడొస్తవ్ అన్నా, చీకటి పడకముందే కొలవాలె గద?"

"దారం లోపల పెట్టెయ్ చెల్లె," అన్నాను. "గీత గీసినోళ్ళే కొలిచి చూపిస్తరు."