కాకులు లెక్కపెట్టిన సారు

మా సైన్స్ సారు పోయారని పొద్దున కోళ్ల బండి దించుతుండగా ఫోన్ వచ్చింది. నమ్మలేదు. ముందురోజే దుకాణం ముందు ఆగి, "గుంతల మట్టి కప్పినవా?" అని అడిగి వెళ్లిన మనిషి.

ఆ గుంత సంగతి చెప్పాలి. పాల్మాకులలో నాది చికెన్ దుకాణం. ఒకప్పుడు పేగులు, ఈకలు ఊరి బయట, ఎయిర్‌పోర్టు గోడకు ఇవతల ఉన్న రాళ్ల బీడులో పారబోసేవాణ్ణి. కాకులు నల్లగా కమ్ముకునేవి. రిటైరైన సారు గొడుగు చంకలో పెట్టుకుని, ఎండలో నిలబడి వాటిని లెక్కపెట్టేవారు. సారుకు పనిలేదని నవ్వుకునేవాళ్లం.

ఒకరోజు నన్ను వెంటబెట్టుకుని వెళ్లి, నేల మీద పగిలిన తీతువు పిట్ట గుడ్లు చూపించారు. "కాకి తప్పేం లేదురా. నువ్వు పెడ్తున్నవ్, అవి గుంపులుగ వస్తున్నయ్. నీ పేగులు అయిపోంగనే ఈ గుడ్ల మీద పడ్తున్నయ్."

బడిలో నాకు సైన్స్ ఎక్కలేదు. ఆ బీడులో ఎక్కింది. ఆ వారమే పేగులు పూడ్చడానికి గుంత తవ్వించాను. మట్టి సరిగా కప్పానో లేదో సారు గొడుగు కొనతో పొడిచి చూసేవారు. మెల్లగా కాకులు పలచబడ్డాయి.

మూడో రోజు ఆ బీడు అంచునే, కాకి వచ్చి ముట్టాలని, సారు పేరిట పిట్టకు పెట్టారు. విస్తరిలో అన్నం, ఆయనకు ఇష్టమైన పచ్చిపులుసు. గంట గడిచినా ఒక్క కాకీ రాలేదు. పిట్ట ముట్టందే సారు భార్య మంచినీళ్లయినా తాగనంది. ఆమెకు షుగర్. పెదవులు ఎండిపోతున్నాయి. అందరూ నా వంకే చూస్తున్నట్టనిపించింది. కాకులను పంపించేసింది నా గుంతే కదా.

ఉండబట్టలేక బండి తాళం తీశాను. "అమ్మా, దుకాణంల నుంచి జర పేగులు తెచ్చి చల్లుత. అవే వస్తయ్."

"ఏంది బిడ్డా, ఆయన గిన్నేండ్లు చెప్పింది గిందుకేనా? కూసో."

కూర్చున్నాను. సారును మనసులో తిట్టుకున్నాను కూడా.

మధ్యాహ్నం దాటాక ఒక కాకి దిగింది. విస్తరి చుట్టూ నడిచి, మెడ వంచి, ముద్ద అందుకుంది. అమ్మ గట్టిగా ఊపిరి వదిలి, "ఒకటి" అంది, అచ్చం సారు లెక్కపెట్టినట్టే. నాకు ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి. ఆమె నీళ్ల చెంబు ఎత్తి తాగుతుంటే నా ప్రాణం కుదుటపడింది.

కాకి ముద్దతో బీడు మీదుగా ఎగిరింది. రాళ్ల మధ్య నుంచి ఒక తీతువు పిట్ట అరుచుకుంటూ లేచి దాని వెంట పడింది. ఎయిర్‌పోర్టు గోడ దాకా తరిమి, తిరిగొచ్చి, అటూ ఇటూ చూసి, తన గుడ్ల మీద కూర్చుంది.